చల్లగా వచ్చిన తాడు

చెత్త యార్డులో మోటార్లు చూసే మేస్త్రికి ఛీ మేస్త్రి అని పేరు. ఎదురుగా మాత్రం అందరూ మేస్త్రిగారూ అనే పిలిచేవాళ్ళు. అది ఎవరో సరదాకి పెట్టిన పేరు కాదు, ఆయన కష్టపడి సంపాదించుకున్నది. కొత్త మోటారు వస్తే మూత విప్పి చూసి ఛీ అనేవాడు. పాత మోటారుకి వైండింగు చేయించి తెస్తే చెవి ఆనించి విని ఛీ అనేవాడు. టీ ఒక గుక్క తాగి ఛీ అని, ఆ తర్వాత చివరి చుక్కదాకా తాగేవాడు. "పెళ్ళయిన కొత్తలో నా వంట తిని ఛీ అన్నారు," అని ఆయన భార్య నవ్వుతూ చెప్పేది. "మర్నాడు నేను పొయ్యి వెలిగించలేదు. సాయంత్రం వచ్చి, నిన్నటిదేమన్నా మిగిలిందా అని అడిగారు."

అలాంటి మనిషిని యార్డు ఎందుకు భరించిందంటే, ఆయనకి పని వచ్చు. చిన్నప్పుడు మోటార్లు బాగుచేసే కొట్లో చేరి, అక్కడ గురువుని కూడా ఛీ అని బయటికొచ్చి, ఈ యార్డులో కుదురుకున్నాడు. కుదురుకున్నాక తనని ఛీ అనేవాడు ఎవడూ లేకపోవడంతో కళ్ళు నెత్తికెక్కాయి. పని తెలిసిన మనిషి మూర్ఖుడైతే ఎదుటివాళ్ళకి నోరుండదు. ఏదన్నా అందామంటే, మోటారు ఆగినప్పుడు మళ్ళీ ఆయన కాళ్ళే పట్టుకోవాలి.

యార్డంటే ఊరి చెత్తంతా తెచ్చి పోసిన కొండ. దాని మీద వాన పడితే నీళ్ళు చెత్తలోంచి దిగుతూ నల్లబడి, అడుగున చిక్కటి కషాయంలా చేరతాయి. దాన్ని అక్కడివాళ్ళు ఊట అంటారు. అది నేలలోకి ఇంకకుండా కొండ కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి ఉంటుంది. షీటు మీద పైపులు, పైపుల చివర సంపు, సంపులో మోటారు. మోటారు ఊటని లాగి పక్కనున్న పెద్ద గుంటలో పోస్తుంది, అక్కడ శుద్ధి చేస్తారు. మోటారు ఆగిందా, ఊట పెరిగి ఎటో ఒక దారి వెతుక్కుంటుంది. ఆ దారికి దిగువన కింది వీధి ఉంది. ఆ వీధివాళ్ళు తాగేది కుళాయిలో వచ్చే బోరు నీళ్ళు. మేస్త్రి కూతురు కాపురం చేస్తున్నది కూడా ఆ వీధిలోనే.

కొండ మీదా చుట్టుపక్కలా రెండు రకాల బోర్లుండేవి. లోపల పుట్టే గ్యాసు బయటికి పోవడానికి చెత్తలోకి దింపినవి గ్యాస్ బోర్లు, వాటికి పసుపు మూతలు. షీటు దాటాక మంచి నేలలోకి దింపినవి టెస్టు బోర్లు, వాటికి నీలం మూతలు. నేల కింది నీళ్ళు పాడవుతున్నాయేమో కనిపెట్టడానికే ఈ టెస్టు బోర్లు. మూత లేకపోయినా ఏది ఏదో తెలుసుకోవడం కష్టమేం కాదు. చెత్త లోపల కుళ్ళుతూ వేడెక్కి ఉంటుంది కాబట్టి, గ్యాస్ బోరులో తాడు వేసి తీస్తే పొయ్యి మీంచి దించిన గిన్నెలా వెచ్చగా వస్తుంది. టెస్టు బోరులో వేస్తే చల్లగా వస్తుంది. "ఇది గేటు దగ్గర కుక్కకి కూడా తెలుసు," అనేవాడు మేస్త్రి.

ఆ ఎండాకాలం వెనక గుట్టల్లో ఎండుగడ్డి అంటుకుని, కార్చిచ్చు గాలిని పట్టుకుని యార్డు మీద పడింది. చెత్తకి నిప్పు అంటుకుంటే పైన ఆరినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఫైరింజన్లు నీళ్ళు కొట్టాయి. బుల్డోజర్లు మట్టి నెట్టి మంటల మీద కప్పాయి. మంట చల్లారేసరికి యార్డు రూపు మారిపోయింది. నల్ల పైపులు కరిగి నేల మీద చారలు కట్టాయి. సంపు షెడ్డు ఇనుప కాళ్ళు మాత్రం మిగిలాయి. నెట్టిన మట్టితో కొండ అంచు ఎక్కడుందో, మంచి నేల ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోయింది. పసుపు మూతలూ నీలం మూతలూ ఒకటే అయ్యాయి. అన్నీ మోకాలెత్తు నల్ల మొండేలు.

చూడ్డానికి చాలామంది వచ్చారు. ముక్కుకి గుడ్డలు కట్టుకుని, బూడిదలో ఒక కాలు మోపి, ఫోటో దిగి, అయ్యో అని కార్లెక్కారు. యార్డు ఆఫీసరు వాళ్ళందరినీ తిప్పి చూపించాడు. ఆ ఆఫీసరు ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు, "అంతా అదుపులోనే ఉంది." నిప్పు అంటుకున్న రోజూ అదే అన్నాడు. వెనకాల షెడ్డు కూలుతుంటే కూడా నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి అదే అన్నాడు. పనికిమాలినవాళ్ళు చాలామంది ఉంటారు గాని, ఇంత శ్రద్ధగా పనికిమాలినవాణ్ణి చూడటం అరుదు. మేస్త్రి ఆయన వీపు వైపు చూసి ఛీ అన్నాడు. ఆ ఒక్క ఛీ మాత్రం న్యాయమైనదే.

వానలు పడేలోపు మోటార్లు నడవాలి. ఫైరింజన్లు కొట్టిన నీళ్ళన్నీ చెత్తలోంచి దిగి సంపులో నిండుతున్నాయి. మేస్త్రి నిద్రాహారాలు మాని పనిచేశాడు, అది ఒప్పుకోవాలి. కొత్త పైపులు వేడి చేసి అతికించాడు. మోటారుని బురదలోంచి తీసి కడిగి మళ్ళీ దింపాడు. చివరికి ఒక చిక్కు మిగిలింది. కాలకుండా మిగిలిన పైపుల నిండా బూడిద, కరిగిన ప్లాస్టిక్కు, గడ్డకట్టిన ఊట. వాటిని నీళ్ళు కొట్టి కడగాలి. కడిగిన నల్లనీళ్ళు ఎక్కడ పొయ్యాలి? గుంట అప్పటికే అంచులదాకా ఉంది.

మేస్త్రికి ఉపాయం తెలుసు. పాడైన గ్యాస్ బోరులో పోస్తే మళ్ళీ చెత్తలోకే పోతుంది, షీటు మీదికే దిగుతుంది, మళ్ళీ సంపులోకే వస్తుంది. పాతకాలం నుంచి చేస్తున్న పనే అది. తప్పులేదు.

"సర్వేయరు వచ్చి ఏది ఏ బోరో గుర్తులు పెడతాడు. అప్పటిదాకా ఆగు మేస్త్రీ," అన్నాడు ఆఫీసరు.

"నా ఇంట్లో వంటగది ఎటుందో నాకు సర్వేయరు చూపించాలా సార్?" అన్నాడు మేస్త్రి.

అని, కొండ వాలుకి దిగువన ఒక మొండేన్ని చూసుకుని, దాని నోట్లో గొట్టం దూర్చాడు. పక్కనే మంటల్లో కాలిన ఒంటిచక్రం తోపుడు బండి బోర్లా పడి ఉంటే దాని మీద కూర్చున్నాడు. నీళ్ళు పోతూ ఉన్నాయి. మామూలుగా గ్యాస్ బోరులో పోస్తే గుడగుడమని సగం వెనక్కి కక్కుతుంది. ఇది చప్పుడు లేకుండా ఎంత పోస్తే అంత తాగింది. మేస్త్రికి ముచ్చటేసింది. "ఈ యార్డు మొత్తంలో పని తెలిసింది ఇదొక్కటే," అన్నాడు పక్కనున్న వెల్డరుతో. ఆయన నోట మెచ్చుకోలు విని వెల్డరు అదిరిపడ్డాడు. ఒక్కసారి తాడు వేసి చూస్తే అయిపోయేది. తాడు బండి పక్కనే ఉంది. వెయ్యలేదు, తనకి తెలియనిది ఉంటేగా. పైపులన్నీ కడగడం పూర్తయ్యేదాకా, వచ్చిన ప్రతి బొట్టూ అందులోనే పోశాడు.

తర్వాత సర్వేయరు వచ్చాడు. ఆయన ముఖం చూడటం ఇష్టం లేక మేస్త్రి కొండకి అవతలి వైపు పని పెట్టుకున్నాడు. సర్వేయరు మనుషులు మొండేలకి కొత్త పైపులు తొడిగి, పసుపూ నీలం మూతలు పెట్టి వెళ్ళిపోయారు.

ఇక అల్లుడి సంగతి చెప్పాలి. మేస్త్రి కూతురు తనంతట తానే ఇష్టపడి చేసుకున్న అల్లుడు. తాడుకి కట్టిన చిన్న గొట్టాన్ని టెస్టు బోర్లలోకి దింపి నీళ్ళు తీసి, సీసాల్లో పట్టి, ల్యాబుకి పంపడం అతని పని. నెమ్మదస్తుడు. బూట్లకి బురద అంటితే గడ్డికి తుడుచుకునే రకం. సీసాని మూడుసార్లు కడిగి గాని నింపడు. ఇవన్నీ మేస్త్రి కళ్ళకి ఘోరమైన నేరాలు. అల్లుడికి మర్యాద ఇవ్వాలి కాబట్టి ఇచ్చేవాడు, కానీ ఎలా ఇచ్చేవాడంటే దానికంటే తిట్టడం నయం. "అల్లుడుగారు వేంచేశారు. బాటిళ్ళకి స్నానాలు చేయించారా?" అనేవాడు పదిమందిలో. అల్లుడు నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కేది.

కొత్త మూతలు పెట్టాక అల్లుడు మొదటిసారి నీళ్ళు తీశాడు. దిగువనున్న టెస్టు బోరు ఫలితం ఘోరంగా వచ్చింది. నేల కింది నీళ్ళు కావవి, అచ్చంగా ఊట. ఆఫీసరు గదిలో అందరినీ కూర్చోబెట్టారు.

"అడుగు షీటు చిరిగినట్టుంది," అన్నాడు ఆఫీసరు. మొదటిసారి ఆయన ముఖం వాడిపోయింది. షీటు చిరిగితే కొండ తవ్వాలి. కొండ తవ్వాలంటే పైవాళ్ళకి చెప్పాలి.

"షీటు చిరగలేదు," అన్నాడు మేస్త్రి. "చిరిగితే సంపులో మట్టం పడిపోవాలి. పడలేదు. నా లైన్లన్నీ బిగుతుగా ఉన్నాయి."

"మరి ఇదేంటి?"

మేస్త్రి అల్లుడి వైపు తిరిగాడు. "ఊట తీసిన గొట్టాన్నే కడక్కుండా బోరులో ముంచి ఉంటారు అల్లుడుగారు. సీసాలకి స్నానాలు చేయించే హడావిడిలో గొట్టం సంగతి మర్చిపోయుంటారు."

"లేదు మామయ్యా. కొత్త గొట్టం, కవరు చింపి వాడాను," అన్నాడు అల్లుడు.

"ఈ చెత్త మధ్యే తల నెరిసినవాణ్ణి. నాకు చెప్పకు."

ఆఫీసరు ముఖం మళ్ళీ వెలిగింది. చిరిగిన షీటుకంటే కడగని గొట్టం ఎంత చవకో ఆయనకి వెంటనే అర్థమైంది. అల్లుణ్ణి ఆ పని నుంచి తప్పించి, ఎక్కడో గేటు దగ్గర లారీలు చూసే పనికి మారుద్దామన్నాడు. కింది వీధి బోర్లు మూయించాలన్న మాట అక్కడితో ఆగిపోయింది.

కానీ కబురు అప్పటికే కింది వీధికి చేరిపోయింది. సాయంత్రం మేస్త్రి కూతురింటికి వెళుతుంటే, కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు ఆపారు. మూలింటి ముసలమ్మ ముందుకొచ్చింది. "నాయనా, నీళ్ళల్లో ఏదో కలిసిందంటున్నారు. తాగొచ్చా? ఉన్నదున్నట్టు చెప్పు."

"బాగున్నాయి," అన్నాడు మేస్త్రి. "నిక్షేపంగా ఉన్నాయి. పట్టుకోండి."

ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని బిందెలు కుళాయి కింద పెట్టారు.

అక్కడితో ఊరుకుంటే ఆయన ఛీ మేస్త్రి ఎందుకవుతాడు? అల్లుడి తప్పు అందరి ముందూ రుజువు చెయ్యాలనిపించింది. మర్నాడు "నేనే తీస్తాను, అందరూ రండి," అని ఆఫీసరునీ అల్లుణ్ణీ వెల్డరునీ వెంటేసుకుని దిగువ టెస్టు బోరు దగ్గరికి బయల్దేరాడు. కొత్త గొట్టం, కొత్త తాడు, కొత్త సీసా. దారంతా అల్లుడికి శుభ్రత మీద ఉపన్యాసం ఇస్తూ నడిచాడు.

బోరు దగ్గరికి వచ్చాక నీలం మూత చేత్తో పట్టుకుని తిప్పబోతూ, యథాలాపంగా పక్కకి చూశాడు. చదును చేసిన మట్టిలోంచి ఒక ఇనుప చక్రం సగం బయటికి వచ్చి ఉంది. తోపుడు బండి చక్రం. ఆ బండి మీదే తను కూర్చున్నది.

మేస్త్రి చేయి మూత మీద ఆగింది. కాదులే, బండిని బుల్డోజరు ఇటు నెట్టి ఉంటుంది, అనుకున్నాడు. అనుకుంటూనే గొట్టం దింపాడు. అది అడుగుకి తగిలింది. తాడు లాగడం మొదలుపెట్టాడు. తాడు వేళ్ళ మధ్య నుంచి వస్తోంది. సర్వేయరే గ్యాస్ బోరుకి నీలం మూత పెట్టాడేమో, తాడు వెచ్చగా వస్తుందేమో అని, తడిసిన భాగం అందేదాకా ఆయనకి ఆశ ఉంది. అందింది. చల్లగా ఉంది.

ఇంకా లాగాడు. ఎంత లాగినా చల్లటి తాడే. గొట్టం బయటికొచ్చింది. నల్లటి నీళ్ళు, వాటి మీద కాలిన బూడిద పొరలు, కరిగిన ప్లాస్టిక్ ముక్క ఒకటి. షీటు చిరిగి కారిన ఊట మట్టిలోంచి వడకట్టుకుని వస్తుంది, అందులో బూడిద ముక్కలు తేలవు. ఈ బూడిద ఎవరో పైనుంచి పోస్తే వచ్చింది. పోసింది ఈ బోరులోనేనని ఆ నలుగురిలో చక్రాన్ని గుర్తుపట్టిన ఒక్కడికే తెలుసు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. పని తెలిసిన బోరని తను మెచ్చుకున్నది ఇదే. తాగింది, తాగి కింది వీధి వైపు పంపింది.

"ఇదేంటి మేస్త్రీ?" అన్నాడు ఆఫీసరు. అడిగినవాడే జవాబు కూడా వెతికిపెట్టాడు. "మంటలప్పుడు బూడిద పడి ఉంటుంది. నాలుగు బిందెలు తోడేస్తే పోతుంది. అంతేగా?"

ఇది మేస్త్రి చెయ్యి చాచి అడగకుండానే ఒళ్ళో పడ్డ వరం. ఆఫీసరు బుర్రని ఇన్నేళ్ళూ ఛీ అన్నాడు, ఇవాళ ఆ బుర్రే గొడుగు పట్టింది.

"అంతే సార్," అన్నాడు.

అల్లుడు మామగారి చేతుల వైపు చూశాడు, తాడు వైపు చూశాడు, సీసా అందుకుని మూడుసార్లు కడిగి నింపుకున్నాడు.

ఇంటికి వచ్చి మేస్త్రి అన్నం ముందు కూర్చున్నాడు. తిన్నాడు, లేచాడు. భార్య కంచం తీస్తూ ఆయన ముఖం పరీక్షగా చూసింది.

"ఏమండీ, ఒంట్లో బాలేదా? కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. ఛీ అనలేదేం?"

మర్నాడు పొద్దున్నే కూతురింటికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఆయనకే తెలియదు. అల్లుడు ఇంట్లో లేడు. కూతురు వంటింట్లో కుండలోకి నీళ్ళు వంపుతోంది. రెండు బిందెలు అప్పుడే కుళాయి నుంచి తెచ్చినవి, అడుగులు ఇంకా తడిగా ఉన్నాయి.

"ఆ నీళ్ళు తాగుతున్నారా?" అన్నాడు.

"మీరే కదా బాగున్నాయన్నారు," అంది కూతురు. తండ్రి వైపు తిరగలేదు. "మా ఆయన వద్దన్నారు నాన్నా. వీధిలో కూడా ఇంటింటికీ తిరిగి చెప్పబోయారు. ఎవరూ వినలేదు. ఏమన్నారో తెలుసా? ఛీ మేస్త్రి దేన్నీ బాగుందనడు, ఆయనే బాగున్నాయి అన్నాడంటే అవి అమృతం కిందే లెక్క, అన్నారు. మూలింటి అవ్వయితే మీరన్నారని రెండు బిందెలు ఎక్కువ పట్టుకుంది."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. పుట్టి బుద్ధెరిగాక తను ఆ బోరుని తప్ప దేన్నీ మెచ్చుకోలేదు. ఆ పిసినారితనమంతా పోగుపడి ఒక్క మాటకి ఇంత బలం ఇచ్చిందని, ఆ మాటని తెచ్చి విషం మీద మూతలా పెట్టానని, అప్పుడు తెలిసింది.

"నిన్న తాడు లాగుతుంటే మీ ముఖం మారిపోయిందట," అంది కూతురు. ఈసారి తిరిగి సూటిగా చూసింది. "మామయ్యకి ఏదో తెలిసింది, కానీ నేను అడగను, పెద్దాయన, అన్నారు మా ఆయన. నేను అడుగుతున్నాను. ఏం తెలిసింది నాన్నా?"

మేస్త్రి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చెప్పాడు. సర్వేయరు గురించి తను అన్న మాటా, కాలిన బండీ, చప్పుడు లేకుండా తాగిన బోరూ, చల్లటి తాడూ, అన్నీ. చెప్పడం అయ్యాక కూతురు తిడుతుందని చూశాడు. కూతురు లేచి కుండలో నీళ్ళు, బిందెల్లో నీళ్ళు దొడ్లోకి తీసుకెళ్ళి ఒలకబోసింది. ఖాళీ బిందె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మిగతా బిందెల సంగతి మీరు చూసుకోండి," అంది.

కుళాయి దగ్గర వరస ఇంకా ఉంది. మేస్త్రి నేరుగా వెళ్ళి కుళాయి కట్టేశాడు. "పట్టకండి," అన్నాడు. "ఈ నీళ్ళు తాగకండి. పైపులు కడిగిన మురికి నేనే బోరులో పోశాను. చూసుకోకుండా పోశాను. అది ఇటే వస్తోంది. నిన్నటివి కూడా పారబొయ్యండి."

తిడతారనుకున్నాడు. మీద పడి కొట్టినా సిద్ధంగానే ఉన్నాడు. మూలింటి ముసలమ్మ మాత్రం బిందె చంకలోంచి దించి, అర్థం కానట్టు ముఖం పెట్టి అడిగింది. "మరి బాగున్నాయన్నావు కదా నాయనా?"

ఆవిడ బిందె బోర్లించి, ఇంటికి నడిచింది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఎవరూ ఆయన్ని ఛీ అని కూడా అనలేదు.

అక్కణ్ణుంచి ఆఫీసరు గదికి వెళ్ళి అదే చెప్పాడు. ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అంటే షీటు చిరగలేదన్నమాట!" అన్నాడు, కొడుకు పాసయ్యాడని కబురొచ్చినట్టు. "హమ్మయ్య! ఇది ముందే చెప్పొచ్చుగా!" వీధి ఏమైందని అడగలేదు. అల్లుడి బదిలీ సంగతి తలుచుకోలేదు. మేస్త్రికి నోటిదాకా ఛీ వచ్చింది. వచ్చి ఆగిపోయింది. ఎదుటివాణ్ణి ఛీ అనే అర్హత ఒకప్పుడు తనకి ఉందనుకున్నాడు, ఆ ఉద్యోగం నిన్ననే ఊడింది.

"అల్లుణ్ణి మార్చకండి సార్. అతను చెప్పిందే నిజం," అన్నాడు. ఆఫీసరు చెయ్యి ఊపి, పైవాళ్ళకి ఫోన్ చేసే పనిలో పడ్డాడు. అల్లుడు తన పనిలోనే ఉండిపోయాడు. ఎవరి దయ వల్లా కాదు, ఆఫీసరు మర్చిపోవడం వల్ల.

పోసిన మురికిని తోడటం ఒక్కటే దారి. మేస్త్రి ఆ బోరులో చిన్న మోటారు దింపాడు. నల్లనీళ్ళు లాగి ట్యాంకర్లకి ఎక్కించి, గుంటలో ఖాళీ అయిన చోట పోయించాడు. వీధి బోర్లు మూసేశారు. వీధి చివర్న నీళ్ళ ట్యాంకరు నిలబడేది, ఆడవాళ్ళు అక్కడ వరస కట్టేవాళ్ళు. మేస్త్రి ఆ వరస పక్కనుంచే యార్డుకి నడవాలి. రోజూ నడిచాడు. వానలు వచ్చాయి, పోయాయి. మోటారు ఆపలేదు. అది కాలిపోతే రాత్రికి రాత్రి బాగుచేసి మళ్ళీ దింపాడు. వారం వారం అల్లుడు వచ్చి తాడు వేసి నీళ్ళు తీసేవాడు.

"ఎలా ఉన్నాయి?" అని అడిగేవాడు మేస్త్రి.

"ఇంకా బాలేదు మామయ్యా," అనేవాడు అల్లుడు, ఎప్పటిలాగే నెమ్మదిగా. ఆ నెమ్మదిలో ఎగతాళి ఏమన్నా ఉందేమో అని మేస్త్రి వెతికేవాడు. ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. లేదు. మనిషిలో ఎగతాళి బొత్తిగా లేదు. ఇన్నేళ్ళూ ఆ నవ్వు తనని చూసి కాదని, అది అతని ముఖం తీరేనని, ఆ బోరు పక్కన కూర్చుని కూర్చుని మేస్త్రి తెలుసుకున్నాడు. అంత చిన్న సంగతి తెలుసుకోవడానికి అంత నల్లనీళ్ళు తోడాల్సి వచ్చింది.

ఎండలు మళ్ళీ ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున ల్యాబు నుంచి కబురొచ్చింది. టెస్టు బోరు శుభ్రం. వీధి బోర్లు కూడా శుభ్రం. మేస్త్రి కబురు విన్నవాడు విన్నట్టే, చేతికి అంటిన గ్రీజు కూడా తుడుచుకోకుండా కింది వీధికి నడిచాడు. మూసిన బోరు తెరిపించి కుళాయి తిప్పాడు. నీళ్ళు మొదట తుప్పు రంగులో వచ్చి తర్వాత తేటగా వచ్చాయి. దోసిలి పట్టి తాగాడు. ట్యాంకరు దగ్గర వరస అంతా ఇటు చూస్తోంది.

"బాగున్నాయి," అన్నాడు గట్టిగా. "నీళ్ళు బాగయ్యాయి. రండి, పట్టుకోండి."

వరసలో ఎవరూ కదల్లేదు. మూలింటి ముసలమ్మ ఆయన వైపు ఒకసారి చూసి, తన బిందెని ట్యాంకరు వైపు కొంచెం ముందుకి జరిపింది. కుళాయి పారుతూ ఉంది. మేస్త్రి ఇంకోసారి తాగాడు, అందరికీ కనబడేలా. ఒకావిడ ముఖం తిప్పుకుంది. ఇంకొకావిడ పక్కావిడతో ఇంటి సంగతేదో మాట్లాడుతోంది.

మేస్త్రి కుళాయి కట్టేసి కూతురింటి గుమ్మం ముందు ఆగాడు. అల్లుడు మెట్టు మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు.

"అల్లుడూ," అన్నాడు. 'గారు' అనలేదు. "నేను చెప్తే నమ్మడం లేదు. నువ్వొచ్చి ఒకసారి చెప్పవూ, బాగున్నాయని."

అల్లుడు రెండో బూటు వేసుకోకుండానే లేచాడు.